తెర మసకయా, కన్ను మసకయా?

వయోవృద్ధులు కంప్యూటరు ముందు కూర్చుండుట నేడు వింత కాదు. పింఛను వ్యవహారములు, బ్యాంకు లెక్కలు, దూరదేశములందున్న బిడ్డల ముఖదర్శనము, అన్నియు ఆ తెరమీదనే జరుగుచున్నవి. ఆ తెర చెడిన నాడు వారికి కలుగు దిగులు చిన్నది కాదు. "నేనేదో పాడుచేసితి"నని కొందరు, "నా చూపు పోయిన"దని కొందరు లోలోన కుందుదురు గాని, ఇంట నెవరికిని చెప్పరు.

మా పెదతండ్రిగారు ఉపాధ్యాయవృత్తినుండి విరమించినవారు. ఒకనాడు, "అక్షరములు అలికినట్లున్నవిరా" అనిరి. మేము చూడగా తెర నిజముగనే మసకగా నున్నది. ఇంటిలోని పిల్లలెవరో అక్షరములను పెద్దవి చేయదలచి, తెర చుక్కల లెక్కను తగ్గించియుండిరి. నేటి పలుచని తెరలకు తయారీలోనే ఏర్పడిన చుక్కల లెక్క యొకటి కలదు. అడ్డముగా 1920, నిలువుగా 1080 అనునది పెక్కింటికి సామాన్యము. ఆ లెక్క తగ్గించినచో అక్షరము పెరుగును గాని, దాని అంచులు చెదరును. కావున డిస్‌ప్లే సెట్టింగులలో యంత్రము సిఫారసు చేయు లెక్కనే యుంచి, ఆ సమీపముననే యుండు స్కేలును నూటికి 125కో 150కో పెంచవలెను. అప్పుడు అక్షరము పెద్దదియు, స్పష్టమైనదియు నగును. ఇంటర్నెట్టులో చదువుచున్న పుట మాత్రమే పెరుగవలెనన్నచో, కంట్రోల్ మీటను అదిమిపట్టి ప్లస్ మీటను నొక్కిన చాలును.

తెర పూర్తిగా నల్లబడినచో భయపడ పనిలేదు. మొదట మానిటరుకుండు చిన్నదీపమును చూడవలెను. అది వెలుగనిచో విద్యుత్తు అందుటలేదేమో చూడవలెను. దీపము వెలుగుచు, తెరపై సిగ్నల్ లేదను మాట కనబడినచో, మానిటరు బ్రతికియే యున్నది. బొమ్మ దానికి చేరుటలేదు. రెంటిని ఆపి, కేబులును రెండు కొసలయందును ఊడదీసి గట్టిగా బిగించి, మరల వెలిగించి చూడవలెను.

తెరపై గీతలు కనబడినచో సులభమైన పరీక్ష యొకటి కలదు. స్క్రీన్‌షాట్ తీసి, దానిని ఫోనునకు పంపి చూడుడు. గీత అందును కనబడినచో దోషము కంప్యూటరు లోపలిది. కనబడనిచో మానిటరుదో, కేబులుదో.

మరియొక హెచ్చరిక. "మీ కంప్యూటరునకు వైరస్ సోకినది, ఈ నంబరునకు ఫోను చేయుడు" అని తెర నిండ వ్రాత వచ్చినచో, అది తెర జబ్బు కాదు, మోసము. ఫోను చేయక యంత్రమును ఆపివేయుడు.

ఇక మా పెదతండ్రిగారి సంగతి. తెర సరిచేసిన పిమ్మటను వారు కనులు చికిలించుచునే యుండిరి. అప్పుడు గోడమీది క్యాలెండరును ఒక్కొక్క కన్ను మూసి చదువుమంటిమి. కుడికంట అదియు మసకయే. దీపముచుట్టు వలయములు సైతము కనబడుచున్నవట. వైద్యులు శుక్లమని తేల్చిరి. ఆరునెలలుగా నెరిగియు ఏల చెప్పలేదని యడిగితిమి. "చెప్పిన మీరు నన్ను దీని ముందు కూర్చుండనీయరేమో యనుకొంటి"ననిరి. ఆ మాటకు మేము తలవంచుకొంటిమి. గంటసేపు తెరను పరీక్షించితిమి గాని, వారి ముఖమువంక చూడనైతిమి.

శస్త్రచికిత్స జరిగిన కొలది దినములకు వారే పిలిచి, "తెర మరీ తెల్లగా మెరయుచున్నది, వెలుతురు కొంత తగ్గింపు"మనిరి. అంతకంటె ఆనందముతో మేము సరిచేసిన లోపము లేదు.

మీ ఇంటి పెద్దలు తెర బాగుగా లేదనినప్పుడు, కేబులును చూడుడు, సెట్టింగులు చూడుడు, క్యాలెండరునుకూడ చదివింపుడు. చూపు హఠాత్తుగా తగ్గినచో మాత్రము యంత్రమును ముట్టక, ఆనాడే వైద్యునికడకు తీసికొనిపొండు. అన్నిటికంటె ముందు, తప్పు వారిది కాదని ఒక్కమాట చెప్పుడు.