చత్వారపు కన్ను, పాత రైఫిలు

నలుబది యేండ్లు దాటిన కంటికి దగ్గరి చూపు మసకబారుటను మనవారు చత్వారమందురు. ఆ పేరులోనే నలుబది యున్నది. వార్తాపత్రికను చేయి చాచినంత దూరమున పట్టుకొని చదువు పెద్దలను చూచి పిల్లలు నవ్వుట మన యిండ్లలో వింత కాదు. చదువునకైతే ఒక కళ్లజోడుతో పని తీరును. తుపాకి గురిచూచు వారి కష్టము మాత్రము అంత సులభముగా తీరునది కాదు. వారికి చదువు జోడు పనికిరాదు. దూరపు జోడును పూర్తిగా సరిపోదు. నేటి ప్రసంగమున ఆ కష్టమును గూర్చియు, దానికి కనుగొన్న ఉపాయములను గూర్చియు, ఆ ఉపాయములలో దాగియున్న యొక నష్టమును గూర్చియు చెప్పదలచితిమి.

ఈ విషయము ముఖ్యముగా అమెరికా, బ్రిటన్, కెనడా వంటి దేశములకు చెందినది. రెండు ప్రపంచ యుద్ధములలో సైనికులు మోసిన రైఫిళ్లు లక్షల కొలదిగా అచ్చట పౌరుల చేతికి వచ్చినవి. వాటిని ప్రాణప్రదముగా దాచుకొని, ఆదివారములందు గురి మైదానములకు కొనిపోయి కాల్చువారు అనేకులు కలరు. వారిలో పెక్కురు నెరసిన తలలవారే. మన దేశమున .303 బోరు రైఫిలు సాధారణ పౌరుని లైసెన్సునకు లభింపదు. అయినను ఆ రైఫిలు మనకు కొత్తది కాదు. బెంగాలులోని ఈశాపూరు కర్మాగారమున అది తయారైనది. మన సైనికులు రెండు యుద్ధములలోను దానినే మోసిరి. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి వీడ్కోలు చెప్పినది 2020 సంవత్సరపు గణతంత్ర దినోత్సవ కవాతులో. కళాశాలలో చదువు దినములందు ఎన్.సి.సి. దుస్తులు ధరించి, త్రీనాట్‌త్రీ బట్టును భుజమున కానించుకొని, ఆ తన్ను నెరిగిన శ్రోతలు నేటికిని కొందరుందురు. మేము చెప్పునది వారికి వెంటనే బోధపడును.

గురిచూచుటలో మూడు వస్తువులను ఒకే వరుసలోనికి తేవలెను: కంటికి దగ్గరగా నున్న వెనుక గురి, గొట్టపు కొనయందున్న ముందు గురి, ఎక్కడనో వంద గజముల దూరమున నున్న లక్ష్యము. ఏ కన్నును ఒకే క్షణమున మూడు దూరములను స్పష్టముగా చూడజాలదు. పడుచు కన్ను మాత్రము ఒకదాని నుండి మరియొకదానికి మెరుపువలె మారుచు, అన్నియు స్పష్టముగానే ఉన్నవను భ్రమను కలిగించును. కంటిలోని కటకము మెత్తగా నుండి రూపు మార్చుకొనుటయే దీనికి కారణము. పదియేండ్ల బాలుడు 7, 8 సెంటీమీటర్ల దూరమున నున్న అక్షరమును గూడ చదువగలడు. 45 ఏండ్లకు ఆ హద్దు సుమారు 30 సెంటీమీటర్లకు జరుగును. 60 ఏండ్లకు దాదాపు ఒక మీటరగును. అమెరికా సైన్యపు ఎమ్.1 గరాండు రైఫిలును భుజమున నుంచినప్పుడు ముందు గురి కంటికి సుమారు 80 సెంటీమీటర్ల దూరమున నుండును. అనగా అరువదేండ్ల వానికి అది సరిగా చూపు హద్దునకు ఇవతల పడినది. ముందు గురిని స్పష్టముగా చూడుము, లక్ష్యము మసకగా నున్నను చింతలేదని శిక్షకులు తరతరములుగా చెప్పుచు వచ్చిరి. ముదుసలి కంటికి తలక్రిందుగా జరుగును. లక్ష్యము స్పష్టముగా కనబడును. ముందు గురి బూజు పట్టినట్లుండును.

ఆ మసక ఎంత నష్టము చేయునో చిన్న లెక్కవలన తెలియగలదు. గరాండు రైఫిలు మీద రెండు గురుల నడుమ దూరము సుమారు 71 సెంటీమీటర్లు. ముందు గురి తన చోటు నుండి ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినట్లు కంటికి తోచినచో, 100 మీటర్ల వద్ద గుండు 14 సెంటీమీటర్లు తప్పిపోవును. మన త్రీనాట్‌త్రీలో పాత రకమున, అనగా మూడవ మార్కు రైఫిలున, గురుల నడుమ దూరము 49 సెంటీమీటర్లే గనుక అదే పొరపాటు 20 సెంటీమీటర్లకు పెరుగును. చేయి వణకుటవలన గురి తప్పినదని ముదుసలి అనుకొనును గాని చాలమార్లు తప్పు చేతిది కాదు.

ఇక ఉపాయములు. మొదటిది కానీ ఖర్చు లేనిది. శ్రోతలు ఇప్పుడే పరీక్షింపవచ్చును. ఒక నల్లని కాగితమున గుండుసూదితో చిల్లు పొడిచి, చదువు కళ్లజోడు తీసివేసి, ఆ చిల్లును కంటికి ఆనించి పత్రికను చూడుడు. వెలుతురు బాగుగ నున్నచో అంతవరకు అలుకుకొనిపోయిన అక్షరములు విడివడి కనబడును. చిన్న రంధ్రము అంచుల నుండి వచ్చు చెదరిన కిరణములను ఆపి నడిమి కిరణములనే లోనికి పోనిచ్చును. కావున దగ్గరయు దూరమును ఒకేమారు తేటపడును. 1914 నమూనా ఎన్‌ఫీల్డుకును, తరువాతి నాలుగవ నంబరు ఎన్‌ఫీల్డుకును, గరాండుకును వెనుక గురిగా గాడికి మారు రంధ్రము నమర్చుటలో ఈ గుణము కూడ కలిసివచ్చినది. రంధ్రమును చూడనక్కరలేదు, దానిగుండ చూచిన చాలును. గాడి గురి గల పాత రైఫిలు యజమానులు కొందరు కళ్లజోడు అద్దము మీదనే చిన్న చిల్లు గల నల్లని పట్టీ నంటించుకొందురు. ఒక్క లోపము: సాయంకాలము వెలుగు తగ్గినప్పుడు ఈ చిల్లు చీకటి గది యగును.

రెండవది కళ్లజోడే, కాని వేరు కొలతతో చేయించినది. దూరపు చూపునకు వైద్యుడు వ్రాసిన అద్దమునకు అర డయాప్టరు చేర్చినచో, చూపు రెండు మీటర్ల వద్ద నిలుచును. అట్లు నిలిచినప్పుడు ఒక మీటరు దూరమున నున్న ముందు గురియు, దూరపు లక్ష్యమును, రెండును సమానముగా స్వల్ప మసకతో కనబడును. పనికి అది చాలును. దీనికై రైఫిలును వైద్యుని గదికి మోసికొని పోనక్కరలేదు, పోవుట మంచిదియు కాదు. కంటి నుండి ముందు గురికి గల దూరమును ఇంటివద్ద టేపుతో కొలిచి చెప్పిన చాలును. మరియొక సంగతి గలదు. రైఫిలుకు చెంప ఆనించినప్పుడు తల ముందుకు వంగుటచే చూపు అద్దపు నడిమి నుండి గాక ముక్కు వైపు పై మూల నుండి పోవును. రెండు చూపుల అద్దములు గల సాధారణ జోడు ఇందులకు తికమక పెట్టును.

శుక్లము తీయించుకొన్నవారి సంగతి వేరు. కంటిలో నమర్చిన కృత్రిమ కటకము ఒక దూరమునకే కుదిరియుండుట సాధారణము. ఈ కటకము కథయు యుద్ధముతోనే ముడిపడినది. విమానపు అద్దపు ముక్కలు కంటిలో గ్రుచ్చుకొన్న బ్రిటిష్ వైమానికులను పరీక్షించిన హెరాల్డ్ రిడ్లీ, ఆ పదార్థమును కన్ను సహించుచున్నదని గమనించి, 1949లో లండనులో మొదటిసారి అట్టి కటకము నమర్చెను. శస్త్రచికిత్సకు ముందే గురికాల్చు అలవాటు గలదని వైద్యునితో చెప్పుట మేలు.

ఈ రెండు ఉపాయములును చాలనప్పుడు దుర్భిణి గురి కావలసివచ్చును. దుర్భిణిలో గీతలును లక్ష్యమును ఒకే తలమున కనబడును. మూడు దూరముల జగడము తీరును. ఇంకొకటి ఎఱ్ఱచుక్క గురి. ఇందులో చిన్న దీపపు కాంతి వంపు అద్దము మీద ప్రతిఫలించి, అనంత దూరము నుండి వచ్చినట్లు కంటికి చేరును. అందుచే దూరపు చూపు బాగున్నవానికి చుక్కయు లక్ష్యమును రెండును స్పష్టముగా నుండును. ఇట్టి ప్రతిఫలన గురిని 1900లో కనిపెట్టినవాడు డబ్లినుకు చెందిన సర్ హోవర్డ్ గ్రబ్. ఈ పేరు హైదరాబాదు వారికి తెలియనిది కాదు. నవాబు జఫర్ జంగు స్థాపించిన నిజామియా నక్షత్రశాలకు 15 అంగుళముల దూరదర్శినిని చేసి పంపిన గ్రబ్ ఇతడే. నక్షత్రములను చూచు విద్యయు తుపాకి గురియు ఒకే పనిముట్ల గదిలో పుట్టినవన్నమాట. విద్యుత్తుతో పనిచేయు ఎఱ్ఱచుక్కను స్వీడనులోని ఎయిమ్‌పాయింట్ సంస్థ 1975లో అంగడికి తెచ్చెను. ఆస్టిగ్మాటిజము, అనగా కంటి నల్లగ్రుడ్డు వంపు సమముగా లేని దోషము గలవారికి ఆ చుక్క గుండ్రముగా గాక చుక్కపొడిచినట్లు, తోక విరిసినట్లు కనబడును. కొనుటకు ముందు స్వయముగా చూచుకొనుట యుక్తము.

పాత రైఫిలు మీద దుర్భిణి యెక్కించుట అపచారమని కొందరందురు. మేమంత దూరము పోజాలము. ఆ రైఫిళ్లు పడుచుదనమున నున్నప్పుడే సైన్యములు ఆ పని చేసినవి. 1943లో రెమింగ్టన్ సంస్థ స్ప్రింగ్‌ఫీల్డు రైఫిలు మీద అంగట అమ్ము వీవరు దుర్భిణినే బిగించి 1903ఏ4 అని పేరిడెను. బ్రిటన్‌లో హాలండ్ అండ్ హాలండ్ వారు 20,000కు పైగా నాలుగవ నంబరు ఎన్‌ఫీల్డులకు దుర్భిణు లమర్చిరి. ఏ దుర్భిణి ఏ రైఫిలుదో తెలియుటకై దాని నంబరును కొయ్య మెడ మీద ముద్రించిరి. గరాండుతో చిక్కు మిక్కుటము. దానికి ఎనిమిది తూటాల క్లిప్పును పై నుండియే దింపవలెను గనుక దుర్భిణి నెత్తిన కూర్చుండుటకు చోటులేదు. 1944లో దానిని ఎడమప్రక్కకు జరిపి బిగించి, చెంప ఆనుటకై కొయ్యకు తోలు దిండును కట్టిరి. రష్యావారి మోసిన్ రైఫిలున బోల్టు పిడి పైకెత్తగానే దుర్భిణికి తగులును గనుక పిడినే క్రిందికి వంచిన రకమును వేరుగ చేసిరి.

నష్టమున్నది ఆ తరువాతి కథలో. యుద్ధానంతరము మిగిలిన రైఫిళ్లు కారుచౌకగా అమ్ముడుపోయినవి. వేటగాండ్రు కొయ్యను కోసిరి, గొట్టమును కురచ చేసిరి, రిసీవరు అను ఉక్కు దేహమునకు రంధ్రములు తొలిచి మరచుట్లు తీసి దుర్భిణులను బిగించిరి. చౌక వస్తువునకు ఎవడు విచారించును? నేడు వాటిలో మార్పు చెందనివి అరుదగుచున్నవి. కోసిన కొయ్యను మరల తెచ్చి అతికింపవచ్చునేమో గాని, ఉక్కున తొలిచిన రంధ్రమును లేకుండ చేయుట ఎవరి తరమును కాదు. సరియైన నంబర్లతో, సరియైన ముద్రలతో నిలిచిన రైఫిలు ఒక లిఖితపత్రము వంటిది. ఏ కర్మాగారమున, ఏ యేట, ఎవరి తనిఖీతో బయలుదేరెనో దాని మీదనే వ్రాసియుండును. తన కన్ను మరి పదియేండ్లు పనిచేయుటకై ఆ పత్రమునకు చిల్లు పొడుచు హక్కు యజమానికి చట్టమున ఉండవచ్చును. ఆ పని తగదనియే మా అభిప్రాయము.

తగదనుటకు ధైర్యమెక్కడిదనగా, తొలవకయే బిగించు మార్గములు నేడు కలవు. నాలుగవ నంబరు ఎన్‌ఫీల్డున వెనుక గురిని నిలుపు చీల రంధ్రమును, ఎజెక్టరు మర రంధ్రమును వాడుకొని కూర్చుండు పీటలున్నవి. మౌజరు, మోసిన్ రైఫిళ్లలో గొట్టము మీదనున్న వెనుక గురి పలకను ఊడదీసి ఆ చోటనే పీటను నిలుపుదురు. కంటికి దూరముగా నుండు ఆ చోటికి దీర్ఘ నేత్రదూరము గల ప్రత్యేక దుర్భిణి గాని ఎఱ్ఱచుక్క గాని కావలెను. సాధారణ దుర్భిణి నచ్చట పెట్టిన కిటికీలోని చీమకన్నువలె కనబడును. గరాండున వెనుక చేతికొయ్యకు మారుగా గొట్టమును పట్టుకొను పట్టా నమర్తురు. గొట్టము కాగునప్పుడు పట్టాయు కాగును గనుక వరుసగా కాల్చు వారు ఆ వేడిని లెక్కలో నుంచుకొనవలెను. చెంపదిండును మరలతో బిగింపక తోలు త్రాళ్లతో కట్టుకొనవలెను. దుర్భిణిని కంటికి మరీ చేరువగా నిలిపినచో తన్నునకు కనుబొమ చిట్లును. మూడు నాలుగంగుళముల యెడముండవలెను. పెద్దగా చూపు శక్తి గలదాని కెగబ్రాకవద్దు. 100 గజముల వద్ద మూడు నాలుగంగుళముల వృత్తములో గుండ్లు వేయు పాత రైఫిలునకు రెండున్నర మొదలు నాలుగు రెట్లు పెంచునది చాలును.

వీటన్నిటికి ముందు రైఫిలు దేహారోగ్యమును తెలిసిన పనివానిచే చూపింపవలెను. స్ప్రింగ్‌ఫీల్డు కర్మాగారపు 1903 రైఫిళ్లలో 8,00,000 లోపు నంబరు గలవాటి ఉక్కు పెళుసని చాలకాలము నుండి తెలిసినదే. అట్టివానిని కాల్చకుండ దాచుకొనుటయే పద్ధతి. కన్ను బాగుపడినను ఆ ఉక్కు బాగుపడదు.

పందెములలో పాల్గొనువారు నియమములు చదువుకొనవలెను. సైన్యమిచ్చినట్లే ఉండవలెనను పందెములో దుర్భిణి చెల్లదు, కళ్లజోడునకు అభ్యంతరముండదు. దుర్భిణి గల పాత రైఫిళ్లకు అమెరికాలో 2011 నుండి వేరుగ జట్టు పందెము నడుచుచున్నది.

ఊడదీసిన వెనుక గురి, చీల, మరలు, చేతికొయ్య మొదలగు వానికి నూనె రాచి, మైనపు కాగితమున చుట్టి, రైఫిలు నంబరు వ్రాసిన చీటీతో ఒక డబ్బాలో నుంచవలెను. ఏ మర ఏ రంధ్రమునదో ఆ చీటీ మీదనే వ్రాసినచో, తరువాత ఆ రైఫిలును తీసికొను పడుచు కన్నువాడు ఒక్క సాయంకాలములో దుర్భిణిని దింపి, దానిని మునుపటి వలె చేసికొనగలడు.