సెల్ఫ్ కొట్టే ముందు ఆగండి! ఇంజన్ విప్పకుండా కంప్రెషన్ జబ్బు పట్టుకోవడం ఎలా?

రోటరీ ఇంజన్ మీద వీడియో పెట్టినప్పటి నుంచి కామెంట్లలో ఒకటే ప్రశ్న: "అన్నా, దాంట్లో కంప్రెషన్ పోతే ఎలా తెలుస్తుంది?" తప్పకుండా చెప్తాను. ముందు మా ఇంట్లో జరిగింది వినండి. నాకు కంప్రెషన్ టెస్ట్ అంటే ఏంటో అర్థమైంది అక్కడే. బీటెక్‌లో థియరీ రాసి పాసయ్యాను గానీ, గేజ్ చేత్తో పట్టుకున్నది మాత్రం అప్పుడే.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన రోజు. బెజవాడ వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. మా ఇల్లు అక్కడే. నాన్న ఆల్టో ఇంటి ముందే ఉంది. నీళ్లు బానెట్ పైదాకా వచ్చాయి. మేం మేడ మీద నుంచి చూస్తూ ఉండిపోయాం.

నీళ్లు తీశాక నాన్న బ్యాటరీ ఛార్జింగ్ పెట్టించి తెచ్చి, సెల్ఫ్ కొట్టారు. తిరగలేదు. మళ్లీ కొట్టారు. ఈసారి ఇంజన్ అందుకున్నట్టే అందుకుని, "ఠక్" మని ఆగిపోయింది. ఆ శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఏం జరిగిందంటే, సిలిండర్‌లో గాలి ఉండాల్సిన చోట నీళ్లున్నాయి. గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. పిస్టన్ పైకి వచ్చి నీళ్లను గుద్దుకుంటే ఏదో ఒకటి వంగాలి. దీన్నే హైడ్రోలాక్ అంటారు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. నాన్న పామర్రు దగ్గర పల్లెలో పెరిగారు. పొలంలో డీజిల్ ఇంజన్‌కి హ్యాండిల్ వేసి తిప్పిన మనిషి. దానికి డీకంప్రెషన్ లివర్ ఉంటుంది. అది ఎత్తితే వాల్వ్ తెరుచుకుని, లోపలున్నది ఏదైనా బయటికి పోతుంది. ఏమన్నా అడ్డం పడితే చేతికే తెలిసిపోతుంది, ఆపేస్తాం. కారుకి ఆ లివర్ లేదు. సెల్ఫ్ మోటారుకి చెయ్యి లాంటి స్పర్శా లేదు. "హ్యాండిల్ ఉంటే నాకు తెలిసేదిరా" అన్నారు నాన్న ఆ రాత్రి. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

ప్లగ్గులు తీసి నీళ్లు కక్కించి, ఆయిల్ మార్పించాం. పాత ఆయిల్ పాలు కలిపిన టీలా దిగింది. బండి స్టార్ట్ అయింది గానీ, ఐడిల్‌లో గజగజ వణుకుతోంది. పికప్ లేదు. ఒక గ్యారేజీలో చూపిస్తే, ఏ టెస్టూ చెయ్యకుండానే "ఇంజన్ దించాలి, మూడు సిలిండర్లకీ బోరింగ్ కొట్టించాలి, అరవై వేలు" అన్నారు. ఇన్సూరెన్స్ ఉంది, కానీ ఇంజన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ లేదు. మునిగిన బండికి సెల్ఫ్ కొట్టడం వల్ల ఇంజన్ పాడైతే ఆ యాడ్-ఆన్ లేకుండా క్లెయిమ్ రావడం కష్టం. మీ పాలసీలో అది ఉందో లేదో ఈ వీడియో అవ్వగానే చూసుకోండి.

అప్పుడు ఒక ఫ్రెండ్ మాట మీద ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీ దగ్గరికి వెళ్లాం. ఆయన మొదటి మాటే "కొలవకుండా కొయ్యకూడదు బాబూ" అని.

ఆయన చేసిన పద్ధతి ఇది. బ్యాటరీ ఫుల్ ఛార్జ్. ఇంజన్ వేడిగా ఉండాలి. పెట్రోల్ పంపు ఫ్యూజ్ తీసి, ఇగ్నిషన్ కనెక్షన్లు పీకేసి, మూడు ప్లగ్గులూ తీశారు. ఒక హోల్‌కి గేజ్ బిగించి, నన్ను యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టమన్నారు. యాక్సిలరేటర్ తొక్కకపోతే గాలి లోపలికి సరిగా పోదు, రీడింగ్ తప్పు వస్తుంది. ప్రతి సిలిండర్‌కీ సమానంగా ఐదేసి సెకన్లు.

ఒకటో సిలిండర్ 165 పీఎస్ఐ. మూడోది 165. రెండోది 115!

అంటే జబ్బు రెండో దాంట్లోనే ఉంది. మరి మూడింటికీ బోరింగ్ ఎందుకు?

తర్వాత వెట్ టెస్ట్. రెండో సిలిండర్‌లో ఒక టీ స్పూన్ ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిచారు. రింగులు అరిగి ఉంటే ఆయిల్ ఆ సందు మూసి రీడింగ్ బాగా పెరుగుతుంది. మనకి పెద్దగా పెరగలేదు. అంటే రింగులు కాదు.

వాల్వులేమో అనుకున్నాను. మేస్త్రీ ఆ పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్‌లో పైకి తెచ్చి, గేర్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, కంప్రెసర్ గాలి ఎక్కించారు. ఇప్పుడు చెవి పని చేస్తుంది. సైలెన్సర్‌లో బుస్‌మంటే ఎగ్జాస్ట్ వాల్వ్. ఎయిర్ ఫిల్టర్ వైపు వస్తే ఇన్‌టేక్ వాల్వ్. ఆయిల్ మూత దగ్గర వస్తే రింగులు. రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గాస్కెట్. మన బండిలో ఎక్కడా గాలి పోవట్లేదు!

ఇక్కడే నా బుర్ర ఆగిపోయింది. లీకు లేదు, మరి ప్రెషర్ ఎందుకు లేదు?

మేస్త్రీ నవ్వి, పక్కన బొండాల బండి దగ్గర నుంచి పొడుగు స్ట్రా ఒకటి తెప్పించారు. మెత్తటి ప్లాస్టిక్ కాబట్టి పిస్టన్‌కి గీత పడదు. ఒక్కో పిస్టన్‌నీ పూర్తిగా పైకి తెచ్చి, ప్లగ్ హోల్‌లోంచి స్ట్రా దింపి, పెన్నుతో గుర్తు పెట్టారు. ఒకటి, మూడు సమానం. రెండోది దాదాపు మూడు మిల్లీమీటర్లు కిందే ఆగిపోయింది. అంటే కనెక్టింగ్ రాడ్ వంగి పొట్టిదైంది. పిస్టన్ పైదాకా రావట్లేదు, గాలి పూర్తిగా నలగట్లేదు. అదే ఆ "ఠక్".

హెడ్, కింద ఛాంబర్ విప్పి చూస్తే రాడ్ వంపు కంటికే కనిపించింది. బోరు బాగానే ఉంది. రాడ్, బేరింగులు, గాస్కెట్, కూలీ అన్నీ కలిపి 23 వేలయింది. అరవై కాదు.

ఇప్పుడు రోటరీ. మాజ్డా ఆర్ఎక్స్-7, ఆర్ఎక్స్-8 లాంటి కార్లలో పిస్టన్ లేదు, వాల్వులు లేవు. త్రికోణం లాంటి రోటర్ తిరుగుతుంది. దానికి మూడు ముఖాలు, మూడు మూలల్లో అపెక్స్ సీల్స్. రోటర్ ఒక చుట్టు తిరిగితే మూడుసార్లు కంప్రెషన్ వస్తుంది. మామూలు గేజ్ పెడితే ఆ మూడింట్లో ఎక్కువున్నదే పట్టుకుని కూర్చుంటుంది. ఒక ముఖం బాగుంటే చాలు, మిగతా రెండు పోయినా గేజ్ మంచి నంబరే చూపిస్తుంది. అందుకే గేజ్‌లోని చెక్ వాల్వ్ తీసేసి, ముల్లు ఎగరడం ఫోన్‌లో స్లో మోషన్ తీస్తారు. మూడు గెంతులూ సమానంగా ఉండాలి. పక్కపక్క రెండు తగ్గితే, ఆ రెండింటి మధ్య ఉన్న అపెక్స్ సీల్ మీద అనుమానం. ఒక్కటే తగ్గితే సైడ్ సీల్. పక్కాగా కొలవాలంటే మూడింటినీ విడివిడిగా చూపించే ప్రత్యేక టెస్టర్ ఉంటుంది. ఇంజన్ తిరిగిన స్పీడును బట్టి రీడింగ్‌ని 250 ఆర్‌పీఎంకి సరిచేసి పోల్చుకుంటారు.

చూశారా, రెండు చోట్లా సంగతి ఒకటే. ఒక్క నంబర్ చూసి తీర్పు చెప్పకూడదు. పక్కదానితో పోల్చాలి, తర్వాత "ఎందుకు?" అని ఇంకో ప్రశ్న వెయ్యాలి. నేను కోడ్‌లో బగ్ వెతికేదీ ఇలాగే.

చివరిగా, మళ్లీ వానలొస్తాయి. బండి మునిగితే, బైకైనా కారైనా, బ్యాటరీ వైరు తీసెయ్యండి. సెల్ఫ్ కొట్టొద్దు, కిక్ కొట్టొద్దు. ప్లగ్ తీయించి, నీళ్లు కక్కించి, ఆయిల్ మార్పించాకే స్టార్ట్ చెయ్యాలి.

నాన్న ఇప్పుడు వానాకాలం రాగానే ఆల్టోని ఫ్లైఓవర్ మీద పెట్టి వస్తానంటున్నారు. పోలీసులు ఒప్పుకోరని చెప్పినా వినట్లేదు!

మీ బండికి ఇలాంటిది జరిగితే, ఏ సిలిండర్‌కి ఎంత వచ్చిందో రీడింగులతో సహా కామెంట్ పెట్టండి. అందరం కలిసి చూద్దాం. ఉంటాను మరి, బై.