నేలమాళిగలోని సంగీతశాల



ముప్పదియెనిమిది సంవత్సరములు గ్రామములయందు బడిపంతులుగా పనిచేసి, ఇప్పుడు ఇంటిపట్టున నున్నవాడను. బాల్యమున గురువుగారి యరుగుమీద శబ్దములును ధాతువులును వల్లించి, రఘువంశము చదివి పెరిగితిని. అట్టి నేను పరదేశపు నగరమందలి యొక నేలమాళిగను గూర్చియు, అందు రాత్రివేళ సాగు పాటకచ్చేరిని గూర్చియు ప్రసంగించుట మీకు వింతగా దోచవచ్చును. నాకును వింతగనే యున్నది. కాని యా నేలమాళిగ నాయందలి యొక దోషమును నాకు చూపినది. ఆ దోషమేమో తుద చెప్పెదను. ముందుగా దాని చరిత్రము వినుడు.

నా కుమార్తె అమెరికాదేశమున న్యూజెర్సీ రాష్ట్రమందు కాపురమున్నది. అచ్చటికి పోయినపుడు నా మనుమడు, సంగీతమన్న చెవి కోసికొనువాడు, నన్ను నదిక్రిందుగా పోవు రైలులో న్యూయార్కు నగరమునకు గొనిపోయెను. ఆ నగరమున గ్రీనిచ్ విలేజి యను పేట కలదు. విలేజి యనగా పల్లె. అది యొకప్పుడు నిజముగ పల్లెయే. నగరము దక్షిణపుకొస నుండి ఉత్తరమునకు పెరుగుచు దానిని తనలో కలుపుకొన్నది. 1811వ సంవత్సరమున నగరపెద్దలు వీధులను చదరంగపు గళ్ళవలె తీర్చుటకు పటము వేసినను, ఈ పల్లెలోని వంకరవీధులు అప్పటికే యుండుటచే అట్లే నిలిచినవి. 1910 తరువాతి సంవత్సరములలో ఏడవ ఎవెన్యూ అను పెద్దవీధిని దక్షిణమునకు పొడిగింపదలచి, ఆ వంకరవీధుల నడుమ ఇండ్లు పడగొట్టి దారితీసిరి. అడ్డముగా కోయబడిన స్థలములు కొన్ని త్రికోణములై మిగిలినవి. అట్టి త్రికోణమున కట్టిన యొక యింటిక్రింది నేలమాళిగయే ‘విలేజ్ వాన్‌గార్డు’. వాన్‌గార్డు అనగా సేనకు ముందు నడచు దళము. పేరు ఘనము, చోటు చిన్నది. నూటయిరువదిముగ్గురు కూర్చున్నచో నిండిపోవును.

దీనిని స్థాపించినవాడు మాక్స్ గార్డన్ అను యూదుడు. 1903లో, నాడు రష్యా సామ్రాజ్యమున చేరియుండిన లిథువేనియా ప్రాంతమున జన్మించి, పసితనమున తల్లిదండ్రులతో అమెరికా చేరెను. కుమారుడు న్యాయవాది కావలెనని వారి కోరిక. 1926లో న్యాయశాస్త్రము చదువుటకు న్యూయార్కు వచ్చి, కొన్ని వారములకే దానిని వదలివేసి, దొరకిన పని యెల్ల చేయుచు కాలము గడపెను. 1934లో చార్ల్స్ వీధియందు కవులు కూడుట కొక చిన్నశాల తెఱచెను. ఆ చోటికి పోలీసువారు అనుమతి నీయరైరి. రెండు ద్వారములును రెండు మరుగుదొడ్లును ఉండవలెననియు, గుడికిని బడికిని ఇన్నూఱు అడుగుల యెడముండవలెననియు నాటి నిబంధన. అద్దె నెలకు నూఱు డాలరులలోపు కావలెనని యతని నిబంధన. ఇవి యన్నియు కుదిరినచోటు ఏడవ ఎవెన్యూలోని యీ త్రికోణపు నేలమాళిగ. 1935లో అతడిందు ప్రవేశించెను. అమెరికాలో 1920 నుండి 1933 వఱకు మద్యనిషేధము అమలునందుండిన దినములలో అది చాటుగా మద్యమమ్ము దుకాణము. మన ప్రాంతమున నిషేధమును చూచిన పెద్దలకు అట్టి దుకాణముల సంగతి నేను విడమఱచి చెప్పనక్కఱలేదు.

తొలుత అందు కవులు తమ పద్యములు చదివెడివారు. పిమ్మట జానపదగాయకులు వచ్చిరి. దక్షిణరాష్ట్రముల చెఱసాలలలో శిక్ష లనుభవించి వెలువడిన లెడ్ బెల్లి యను నల్లజాతి గాయకుడు పండ్రెండుతంత్రుల గిటారుతో అచ్చట పాడెను. హాస్యగాండ్రు నడుమనడుమ వచ్చిరి. జాజ్ అను సంగీతము క్రమముగా పెరిగి, 1957 నాటికి ఆ గదియంతయు దానిదే యయ్యెను.

ఈ జాజ్ అననేమి? ఇది అమెరికాదేశపు నల్లజాతివారి సృష్టి. ఆఫ్రికానుండి బానిసలుగా గొనిరాబడినవారి సంతతివారు పొలములలో పాడుకొనిన పనిపాటలును, ప్రార్థనాగీతములును, దుఃఖము వెళ్ళబోసికొను బ్లూస్ అను పాటలును, తెల్లవారి బాకాబృందముల వాద్యములును కలసి, ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళలో న్యూ ఆర్లీన్సు నగరమున నీ రూపము దాల్చినవి. దీనికి ప్రాణము మనోధర్మము. మన విద్వాంసుడు ఒక పంక్తి నెత్తుకొని నెరవు చేసి కల్పనస్వరములు వేసినట్లు, అచ్చటి వాదకుడు ఒక చిన్నపాటను చెప్పి, దాని నడకను విడువక, తత్కాలమున తోచిన సంగతుల నల్లుకొనుచు పోవును. తక్కినవారు విని బదులు చెప్పుదురు. మన మృదంగమునకు తని యిచ్చినట్లు వారు డ్రమ్ములవానికిని వంతు నిత్తురు. మనకు రాగము హద్దు. వారికి పలుస్వరములు ఏకకాలమున మ్రోగు స్వరసముదాయముల వరుస హద్దు. ఇట్టి సంగీతమున ముఖ్యభాగము కాగితముపై నుండునది కాదు. ఆ రాత్రి, ఆ గదిలో, ఆ వినువారి యెదుట పుట్టవలెను. కావున దానికి గది కావలెను; ఆ గది తలుపు తెఱచువాడు కావలెను.

ఆ దినములలో ఈ కళాకారుల బ్రతుకెట్టిదో వినుడు. న్యూయార్కునందే కొన్ని గొప్ప శాలలలో వేదికపై నల్లవారు వాయింపవలెను, ఎదుట తెల్లవారు మాత్రమే కూర్చుండవలెను. 1938లో ఈ పేటయందే ‘కెఫె సొసైటీ’ యను వేఱొక నేలమాళిగలో, వేదికమీదను బల్లలయొద్దను కూడ ఇరుజాతులవారు కలసియుండునట్లు నడపుట ఆరంభమయ్యెను. అది యొక దశాబ్దమైన తరువాత మూతపడెను. ఇదిగాక, 1940 నుండి 1967 వఱకు, మద్యమమ్ము చోట్ల పాడువారును వాయించువారును పోలీసువారికి వేలిముద్రలిచ్చి అనుమతిచీటీ పొందవలసియుండెను. ఆ చీటీ పోయిన నగరమందలి యిట్టి శాలలలో జీవనము పోయినట్లే. బిల్లీ హాలిడే అను గాయకురాలు 1947లో దానిని కోల్పోయెను. థెలోనియస్ మంక్ అను పియానోవిద్వాంసుడు 1951లో కోల్పోయి ఆఱు సంవత్సరములు ఆ శాలలకు దూరమయ్యెను.

ఈ మంక్ కథ వినదగినది. అతని వ్రేళ్ళనడకయు స్వరములకూర్పును నాటివారికి కొఱుకుడు పడలేదు. 1948లో లొరెయిన్ అను యువతి, బ్లూ నోట్ అను రికార్డుల సంస్థపక్షమున పాటుపడుచున్నది, గార్డనును బ్రతిమాలి ఆ నేలమాళిగలో మంక్‌నకు కచ్చేరి యిప్పించెను. జనము రాలేదు. కుర్చీలన్నియు ఖాళీ. వ్యాపారము చెడినదని గార్డన్ ఆమెతో మొఱపెట్టుకొనెనట. మఱుసటి సంవత్సరమే వారిద్దఱును వివాహమాడిరి! 1964లో అదే మంక్ ముఖచిత్రము ప్రసిద్ధమైన ‘టైమ్’ పత్రికకు అట్టమీద వచ్చెను. ఖాళీకుర్చీల యెదుట వాయించిన ఆ రాత్రులు వ్యర్థములని యెవరనగలరు?

1961వ సంవత్సరము జూన్ 25వ తేది ఆదివారము. బిల్ ఎవాన్స్ అను పియానోవాదకుడు, స్కాట్ లఫారో, పాల్ మోటియన్ అను నిరువురితో అచ్చట మధ్యాహ్నమును రాత్రియు వాయించెను. దానిని రికార్డు చేసిరి. నా మనుమడు నాకది వినిపించెను. అతి సున్నితమైన ఆ సంగీతము వెనుక గ్లాసుల చప్పుడును, మాటలును, ఒకానొక నవ్వును వినబడుచుండును. వినవచ్చినవారు కొందఱు తమ ముచ్చటలలో నుండిరి. పదునొకండు దినములకు, జులై 6న, లఫారో కారు ప్రమాదమున మరణించెను. వయస్సు ఇరువదియైదు. ఆ మువ్వురును కలసి చేసిన తుది రికార్డు అదియే యయ్యెను. ఆ గదిలో నవ్వినవారిని నేను నిందింపను. ఒక రాత్రి గొప్పదని ఆ రాత్రియే యెవరికి తెలియును?

ఆ సంవత్సరమే నవంబరు మాసమున జాన్ కోల్ట్రేన్ అను శాక్సఫోన్ విద్వాంసుడు ఇందు కచ్చేరులు చేసెను. అందొక కృతికి అతడిడిన పేరు ‘ఇండియా’. మన తంబురా శ్రుతివలె ఒక్క స్వరము నానుకొని అది సాగును. అతడు రవిశంకరుల సంగీతమును ఆదరముతో వినినవాడు. 1965లో పుట్టిన కుమారునకు రవి యని పేరిడెను. అతని భార్య ఆలిస్, 1966లో ఈ నేలమాళిగలోనే భర్తప్రక్కన పియానో వాయించినది, అతని మరణానంతరము వేదాంతమార్గమున పడి, కాలక్రమమున మన పుట్టపర్తి సత్యసాయిబాబాగారి భక్తురాలై, కాలిఫోర్నియాలో ఆశ్రమము నెలకొల్పి, నల్లవారి ప్రార్థనాగీతముల ఫణితిలో సంస్కృతభజనలు పాడెను, పాడించెను. ఈ సంగతి విన్నపుడు నాకు మా యూరి భజనమందిరము జ్ఞప్తికి వచ్చి మనస్సు కలుక్కుమన్నది. ఎందులకో చెప్పెదను.

ఇక సోమవారముల కథ. ఏ సంగీతశాలకైనను సోమవారము జనములేని దినము. 1966 ఫిబ్రవరి 7వ తేది సోమవారమున థాడ్ జోన్స్, మెల్ లూయిస్ అను నిరువురు పదునెనిమిదిమందికి దగ్గఱగా వాద్యగాండ్రను కూర్చి ఆ యిఱుకు వేదికపై నిలిపిరి. వారిలో పలువురు పగలెల్ల రికార్డింగుశాలలలో కూలికి వాయించువారు. సోమవారము రాత్రి తమ సంతోషమునకు వాయింపవచ్చిరి. నాయకుడొకడు దేశము విడిచెను. మఱియొకడు 1990లో మరణించెను. బృందము వాన్‌గార్డ్ జాజ్ ఆర్కెస్ట్రా యను పేర నేటికిని ప్రతిసోమవారము వాయించుచునే యున్నది.

1989లో మాక్స్ గార్డన్ మరణించెను. లొరెయిన్ ఒక్కదినము తలుపు మూసి, మఱునాడు తెఱచెను. 2018లో ఆమె మరణించెను. కుమార్తె డెబొరా బాధ్యత వహించెను. 2020 మార్చిలో మహమ్మారి వ్యాధిచే నగరమంతయు మూతపడినపుడు ఆ గదియు మూతపడెను. కొన్నిమాసములకు, వినువారొక్కరును లేని గదిలో విద్వాంసులు కెమెరాయెదుట వాయింపగా లోకులు తమ యిండ్లలో కూర్చుండి వినిరి. 2021 సెప్టెంబరున మరల జనులు మెట్లు దిగిరి.

నేను దిగినదియు ఒక సోమవారమే. పైన ఎఱ్ఱని తలుపు. దిగుటకు పదునైదు మెట్లు. మద్యమమ్ముచోటికి పోవుటయా యని మెట్లపైన కొంత తటపటాయించితిని. మనుమడు నాకొఱకు పండ్లరసము తెప్పించెను. గోడలనిండ గతించిన విద్వాంసుల చిత్రపటములు. త్రికోణపు సన్నపుకొసయందు వేదిక. వంటగది యని పేరేకాని వంటలేదు. వాద్యగాండ్రు విశ్రమించుచోటు అదియే. ఫోటోలు తీయరాదు, ఫోనులు మూయవలెను. దీపములు తగ్గినంతనే నిశ్శబ్దము. పదునాఱుగురు ఒక్కమాఱుగా ఊదినపుడు నా బల్లపైనున్న పాత్ర కంపించెను. ఒక్కడే ఊదినపుడు అతని యూపిరి నాకు వినబడెను. ఆ సంగీతమెల్ల నాకు తెలిసినదని చెప్పను. కాని ఒకడు వాయించుచుండగా మఱియొకడు కన్నులు మూసికొని, తల యాడించుచు, చిఱునగవుతో వినుట చూచితిని. మా గురువుగారు హరికథ వినునపుడు ఆయన ముఖము అట్లే యుండెడిది.

ఇక నా దోషము. మా యూరి భజనమందిరపు తాళపుచెవి నాయొద్ద నుండును. పూర్వము శనివారము రాత్రి నలువదిమంది కూడెడివారు. రానురాను పదిమందియు, పిమ్మట ముగ్గురును అయిరి. ముగ్గురికొఱకు దీపమేలయని నేనే తలుపు మూసితిని. రెండేండ్లు మూసియేయుంటిని. తాళములు వాయించు వృద్ధుడొకడు శనివారము సాయంకాలము వచ్చి, అరుగుమీద కొంతసేపు కూర్చుండి, “ఈ వారం కూడా తీయలేదా పంతులుగారూ” అని యడిగి పోయెడివాడు. జనము వచ్చిన తీయుదమని నేననెడివాడను. తలుపు మూసియుండగా జనమెట్లు వత్తురని ఆయన యడుగలేదు. నాకును తోచలేదు. సముద్రములు దాటి పదునైదు మెట్లు దిగినపిదప తోచినది.

తిరిగివచ్చిన శనివారమే తాళము తీసితిని. మృదంగపు మూత చిట్లియుండెను, బాగుచేయించితిని. మొదటిరాత్రి ఆ వృద్ధుడును నేనును మాత్రమే. నాకు పాట రాదు, వంత పలికితిని. మొన్నటి శనివారము ఐదుగురమైతిమి. వారిలో నొకడు పదేండ్ల బాలుడు, మృదంగముపై చేయి వేసి చూచుటకు వచ్చినవాడు. వాడు రేపేమగునో నేనెఱుగను. వచ్చుశనివారము మాత్రము తలుపు తెఱచియుండును.

సెలవు.