పన్నెండు పద్దుల చదువు

(బరంపురంలో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పావుగంటలో ముగించమని కార్యదర్శి గారు ముందే చెప్పారు. బ్యాంకు గుమాస్తాగా పని చేసినవాణ్ణి కనుక వేళ దాటనివ్వను.

దరఖాస్తులు పరిశీలించే కమిటీలో నేనూ ఒకణ్ణి. ఇంటర్వ్యూకి వచ్చిన పిల్లలను మేము రెండు ప్రశ్నలు తప్పకుండా అడుగుతాం. మొదటిది, పాఠ్యపుస్తకం కాకుండా ఈ ఏడాది ఏ పుస్తకం చదివావు అని. ఎక్కువమంది గైడు పేరో, కోచింగ్ మెటీరియల్ పేరో చెబుతారు. రెండోది, తెలుగు చదవగలవా అని. "మాట్లాడతాం సార్, చదవలేం" అంటారు. మార్కులు మాత్రం బ్రహ్మాండంగా ఉంటాయి. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు, ఇంట్లో నోటిమాటగా తెలుగు. గంజాం ప్రాంతం మద్రాసు రాష్ట్రం నుంచి విడిపోయి, కొత్తగా ఏర్పడిన ఒరిస్సాలో చేరింది 1936లో. అప్పటి నుంచి మన ఇళ్లలో తరం తరానికీ తెలుగు చదవగలిగేవాళ్లు తగ్గుతూ వస్తున్నారు.

ఈ రెండు ప్రశ్నలకూ పనికివచ్చే పద్ధతి ఒకటి ఈరోజు మీకు చెప్పదలిచాను. నేను ఏడేళ్లుగా పాటిస్తున్నాను. ఖర్చు ఒక నోటుపుస్తకం.

బ్యాంకు లెడ్జరులో ప్రతి పద్దుకూ వేరే పేజీ ఉంటుంది. జీతాలు, అద్దె, తపాలా దేనికదే. ఒక పేజీ ఖాళీగా ఉంటే ఆ పద్దు కింద ఏమీ జరగలేదని చూడగానే తెలుస్తుంది. అదే విధంగా నోటుపుస్తకంలో పన్నెండు పేజీలకు పన్నెండు శీర్షికలు పెట్టుకోండి. ఆత్మకథ, నాటకం, యాత్ర, నవల, కథలు, పద్యం, విజ్ఞానశాస్త్రం, చరిత్ర, స్త్రీలు రాసినది, పొరుగు భాషది, ఇంట్లో ఒకరికి చదివి వినిపించేది. ఇవి పదకొండు. పన్నెండోది సస్పెన్స్ ఖాతా. ఏ పద్దులో వేయాలో తెలియని మొత్తాన్ని బ్యాంకులో తాత్కాలికంగా అందులో ఉంచుతాం. ఎక్కడా ఇమడని పుస్తకం మీకు నచ్చితే దాన్ని అక్కడ వేసుకోండి. ఉగాది నుంచి ఉగాదికి ఏడాది. పద్దుకు ఒక్క పుస్తకం చాలు.

ఇష్టమైనవి చదువుకోక ఈ పద్దులెందుకని అడగవచ్చు. ఇష్టమైనవి ఎవరూ చెప్పకపోయినా చదువుతాం. పద్దు చేసే పని వేరు. మనం దేన్ని తప్పించుకు తిరుగుతున్నామో అది చూపిస్తుంది. నాకు మొదటి ఏడాది తొమ్మిది పేజీలు నిండాయి. పద్యం, విజ్ఞానశాస్త్రం, పొరుగు భాష ఖాళీగా మిగిలాయి. రెండో ఏడాది ఉగాదినాడే ఆ మూడింటితో మొదలుపెట్టాను. ఖాళీ పేజీ కనబడకపోతే ఆ పుస్తకాల జోలికి వెళ్లి ఉండేవాణ్ణి కాదు.

పుస్తకాలను తరగతులుగా విడదీయడం నేను కనిపెట్టింది కాదు. మెల్విల్ డ్యూయీ అనే అమెరికన్ 1876లో లోకంలోని పుస్తకాలన్నిటినీ పది తరగతులు చేశాడు. మీ కాలేజీ లైబ్రరీలో పుస్తకం వీపు మీద 500 దరిదాపుల అంకె ఉంటే విజ్ఞానశాస్త్రం, 800 అయితే సాహిత్యం, 900 అయితే చరిత్ర, భూగోళం. మన దేశంలో ఆ పని చేసినవారు ఎస్.ఆర్. రంగనాథన్ గారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెప్పే ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ అయ్యారు. 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాశారు, 1933లో సొంత వర్గీకరణ పద్ధతి ప్రచురించారు. ప్రతి పాఠకుడికీ తగిన పుస్తకం ఉంటుంది, ప్రతి పుస్తకానికీ తగిన పాఠకుడు ఉంటాడు అన్నది ఆయన సూత్రాల్లో ముఖ్యమైన భావం. ఈసారి లైబ్రరీకి వెళ్లినప్పుడు ఎప్పుడూ నిలబడే బీరువా దగ్గర కాకుండా పక్క బీరువా దగ్గర ఐదు నిమిషాలు నిలబడి చూడండి.

ఏ పద్దుకు ఏ పుస్తకం అంటారా? మన ఊరికి, మన ప్రాంతానికి దగ్గరగా ఉన్నవి కొన్ని చెబుతాను.

ఆత్మకథ పద్దుకు వి.వి. గిరి గారి పుస్తకం ఉంది. ఆయన 1894లో ఈ బరంపురంలోనే పుట్టారు, 1969 నుంచి 1974 వరకు రాష్ట్రపతిగా ఉన్నారు. ఆత్మకథ ఇంగ్లీషులో రాశారు కనుక తెలుగు చదవలేనివారు కూడా దీనితో ప్రారంభించవచ్చు.

యాత్ర పద్దుకు ఏనుగుల వీరాస్వామయ్య గారి 'కాశీయాత్ర చరిత్ర'. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే నెలలో పరివారంతో బయలుదేరి కాశీ వెళ్లి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. వచ్చేటప్పుడు కలకత్తా నుంచి జగన్నాథం మీదుగా మన గంజాం సీమ దాటుకునే వెళ్లారు. రైలు లేని రోజుల్లో దారి ఎలా ఉండేది, ఏ ఊళ్లో ఏమి దొరికేది అన్నీ రోజువారీగా రాసుకున్నారు. నాలాంటి లెక్కల మనిషికి పండగ లాంటి పుస్తకం.

నాటకానికి గురజాడ వారి 'కన్యాశుల్కం'. 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో బాగా పెంచి తిరగరాశారు. పరీక్ష తప్పిన వెంకటేశం, వాడికి చదువు చెబుతానని వాడి ఊరు బయలుదేరే గిరీశం! పుస్తకాల తెలుగు కష్టమని భయపడే పిల్లలు దీన్ని పైకి చదివి చూడండి. అది విజయనగరం మాట. మన నాయనమ్మల మాటకు దగ్గరగానే ఉంటుంది.

స్త్రీలు రాసినదానికి భండారు అచ్చమాంబ గారి కథలు. ఆమె కూడా మనలాగే తెలుగు నేలకు దూరంగా బతికినవారే. పెళ్లయ్యాక మధ్యపరగణాల్లో ఉంటూ, బడి చదువు లేకపోయినా ఇంట్లోనే తెలుగుతో పాటు హిందీ, మరాఠీ నేర్చుకున్నారు. 1902 నాటికే కథలు రాశారు. ముప్ఫై ఏళ్లు దాటిన కొద్దికాలానికే, 1905లో కన్నుమూశారు. ఆడపిల్లలు ముఖ్యంగా తెలుసుకోవలసిన పేరు.

పద్యానికి జాషువా గారి 'గబ్బిలం'. విజ్ఞానశాస్త్రానికి నండూరి రామమోహనరావు గారి 'విశ్వరూపం', 'నరావతారం'. మొదటిది విశ్వం గురించి, రెండోది మనిషి పుట్టుక గురించి. సైన్సు గ్రూపు పిల్లలు ఇంగ్లీషులో చదివిన సంగతులే తెలుగులో ఎంత తేటగా చెప్పవచ్చో చూస్తారు.

పొరుగు భాష పద్దును మాత్రం దయచేసి ఖాళీగా వదలకండి. మీకు ఒడియా చదవడం వచ్చు. ఫకీర్ మోహన్ సేనాపతి 'ఛ మాణ ఆఠ గుంఠ' నవల 1897 నుంచి పత్రికలో ధారావాహికగా వచ్చింది, 1902లో పుస్తకమైంది. కన్యాశుల్కం అచ్చయిన సంవత్సరంలోనే ఇదీ మొదలైంది! భగియా, సారియా అనే నేతపని చేసే దంపతుల ఆరెకరాల చిల్లర భూమిని మంగరాజు అనే జమీందారు అప్పు పేరుతో ఎలా కాజేశాడన్నది కథ. తాకట్టు కాగితాల మధ్య ఉద్యోగం చేసినవాడికి అందులో ప్రతి పేజీ తెలిసిన సంగతే. వేలిముద్ర వేసే ముందు కాగితం చదవడం ఎంత అవసరమో చెప్పడానికి అంతకంటె మంచి పాఠం లేదు. ఇటు నుంచి అటు వెళ్లినవారూ ఉన్నారు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని, 1931లో ఆ భాష మీద పెద్ద గ్రంథమే వెలువరించారు. పొరుగువాడి భాష నేర్చినంత మాత్రాన ఆయన తెలుగు తగ్గలేదు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ఇక తెలుగు అక్షరాలు రానివారి మాట. మీరు అనుకున్నంత దూరంలో లేరు. ఒడియా అక్షరమాల వరస, తెలుగు వరస ఒకటే. అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ ఙ. వరస మీకు కంఠస్థం, ఆకారాలే కొత్త. ఎ-ఏ, ఒ-ఓ అనే హ్రస్వ దీర్ఘాల తేడా ఒడియా లిపిలో లేదు కనుక అక్కడ కొంచెం జాగ్రత్త పడాలి. తరువాత గుణింతాలు, వత్తులు. భాష ఎలాగూ నోట్లో ఉంది కనుక సగం చదివేసరికి మిగతా సగం మాట మీకే తడుతుంది.

సమయం లేదంటారు. లెక్క చూద్దాం. పుస్తకానికి సగటున 200 పేజీలు వేసుకుంటే పన్నెండు పుస్తకాలకు 2,400 పేజీలు. 365 రోజులకు పంచితే రోజుకు ఏడు పేజీల లోపే. పరీక్షల నెల రెండు నెలలు మానేసినా రోజుకు ఎనిమిది. బస్సు కోసం ఎదురుచూసే సమయం సరిపోతుంది.

డబ్బు లేదంటారు. రచయిత మరణించిన అరవై ఏళ్ల తరువాత మన చట్టం ప్రకారం కాపీరైటు తీరిపోతుంది. గురజాడ వారు 1915లో, ఫకీర్ మోహన్ 1918లో పోయారు. వారి పుస్తకాలు ఎవరైనా స్వేచ్ఛగా చదువుకోవచ్చు. తెలుగు వికీసోర్స్‌లో కన్యాశుల్కం మొత్తం ఉంది. ఇంట్లో ఎలాగూ ఒక ఫోను ఉంటుంది.

నియమాలు మూడే. ఒక పుస్తకాన్ని ఒకే పద్దులో రాయాలి. యాభై పేజీలు చదివినా మనసుకు పట్టకపోతే ఆపేయవచ్చు, కానీ ఎందుకు ఆపారో ఒక వాక్యం రాయాలి. పూర్తిచేసినదానికి మొదలుపెట్టిన తేదీ, ముగించిన తేదీ, సొంతమాటల్లో మూడు వాక్యాలు రాయాలి. ఏ భాషలో రాసినా ఫరవాలేదు.

ఇక్కడ ఒక విషయం తల్లిదండ్రులకు మనవి చేయాలి. ఈ నోటుపుస్తకం చూపిస్తేనే వచ్చే ఏడాది వేతనం ఇవ్వాలని షరతు పెడదామని కమిటీలో ఒక సూచన వచ్చింది. సదుద్దేశంతో వచ్చిన సూచనే. నేను వద్దన్నాను. నలభై ఏళ్ల దగ్గర దగ్గర ఫారాలు చూసినవాణ్ణి. ఫీజు డబ్బు ముడిపడితే పేజీలు నిండుతాయి, పుస్తకాలు తెరవరు. పైగా రాత్రి దుకాణంలో పనిచేసి పగలు చదువుకునే కుర్రాడికి ఏడు పేజీలు కూడా భారమే కావచ్చు. వాడి ఫీజు ఆపే హక్కు ఏ పుస్తకానికీ లేదు. కమిటీ నా మాట మన్నించింది. కనుక ఇది షరతు కాదు. మీరూ ఇంట్లో షరతు చేయకండి. మార్కులతో పోల్చకండి, పక్కింటి పిల్లతో అసలే పోల్చకండి. చేయగలిగితే పిల్లల నోటుపుస్తకం పక్కన మీదీ ఒకటి పెట్టండి.

చివరగా పదకొండో పద్దు, ఇంట్లో ఒకరికి చదివి వినిపించేది. మా వీధిలో ప్లస్ త్రీ చదివే ఒక అమ్మాయి ఉంది. తెలుగు అక్షరాలు రావు. వాళ్ల తాతగారికి తెలుగు బాగా వచ్చు, చూపు మాత్రం తగ్గిపోయింది. నిరుడు ఇద్దరూ కలిసి కన్యాశుల్కం పట్టారు. ఆ అమ్మాయి అక్షరం అక్షరం కూడబలుక్కుని సగం మాట అనేలోపు తాతగారు మిగతా సగం అందించేవారు. రెండు నెలలకు నలభై పేజీలు కాలేదు. కానీ ఆ తరువాత ఒకరోజు తాతగారు పెట్టె తెరిపించి వాళ్ల నాన్నగారు రాసిన కార్డులు తీయించారు. ఆయన స్వయంగా చదువుకోలేక ఎన్నో ఏళ్లయింది. మనవరాలు ఒక్కొక్కటే చదివి వినిపించింది. "తాతగారు ఏడ్చారు సార్, కానీ ఇంకొకటి చదవమన్నారు" అని నాతో చెప్పింది.

మన చాలా ఇళ్లలో అలాంటి పెట్టెలున్నాయి. ఉత్తరాలు, దస్తావేజులు, చేతిరాత భజన పుస్తకాలు. చదవగలిగిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు, చూపు తగ్గుతున్నా జ్ఞాపకం ఉంది. మీకు చూపుంది, అక్షరాలు కావాలి. ఈ ఇద్దరూ ఒక పుస్తకం ముందు కూర్చోవడానికి ఉన్న కాలం చాలా ఎక్కువేమీ లేదు. అందుకని పన్నెండు పద్దుల్లో మిగతావి మీ ఇష్టప్రకారం ఎప్పుడైనా నింపుకోండి, పదకొండోది మాత్రం ఈ ఏడాదే మొదలుపెట్టండి.

వేతనాలు అందుకున్న చిరంజీవులందరికీ నా అభినందనలు, ఆశీస్సులు.