సోలార్ ఇంటికి బ్యాటరీ ఎంత ఉండాలి?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు పది నిమిషాలే ఇచ్చారు. రోడ్ల ఎస్టిమేట్లు వేసి రిటైరైనవాణ్ణి, మైకు ఇస్తే లెక్కలతో విసిగిస్తానని ఆయన భయం. కానీ ఈ విషయంలో లెక్క తప్పి దెబ్బతిన్నవాణ్ణి గనుక చెప్పక తప్పదు.

2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్య ఘర్ పథకం కింద, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ అందుకుని మనలో కొందరు డాబా మీద ప్యానెళ్ళు పెట్టించారు. నేనూ పెట్టించాను. ఒకరోజు మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది, ఫ్యానూ ఆగింది. పైన అంత ఎండ, చేతిలో విసనకర్ర! అది లోపం కాదట. మన కరెంటు వెనక్కి పారి లైన్‌మన్ ప్రాణం మీదికి రాకుండా, లైను ఆగితే బ్యాటరీ లేని సోలార్ ఇన్వర్టరు కూడా ఆగిపోతుంది.

నెట్ మీటరు ఉన్నవారికి కరెంటు లైనే బ్యాంకు. పగలు మిగిలింది వేస్తాం, రాత్రి తీసుకుంటాం. బ్యాటరీ అవసరం కరెంటు పోయినప్పుడే. కరెంటు అరుదుగా పోయే వీధిలో ఉండి, ఆగితే ప్రమాదమైనది ఇంట్లో ఏదీ లేకపోతే, గ్రాట్యుటీ డబ్బు బ్యాంకులోనే ఉంచుకోండి.

మా ఇంట్లో అటువంటిది ఒకటి వచ్చింది. మా ఆవిడకు ఊపిరితిత్తుల జబ్బు. ఆసుపత్రి నుంచి ఆక్సిజన్ యంత్రంతో ఇంటికి పంపారు. అది 350 వాట్లు తీసుకుంటుంది. కొత్తరకం బి.ఎల్.డి.సి. ఫ్యాను 30, ఒక ఎల్.ఇ.డి. బల్బు 9. మొత్తం 390 వాట్లు అనుకోండి. ఇంట్లో పాత ఇన్వర్టరుకు 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉంది. 12ను 150తో గుణిస్తే 1800. దాన్ని 390తో భాగించి, నాలుగున్నర గంటలు వస్తుందని నిశ్చింతగా పడుకున్నాను.

రాత్రి పదకొండింటికి కరెంటు పోయింది. ఒంటిగంట కాకుండానే ఇన్వర్టరు కూత పెట్టింది. మంచం కింద సిలిండరు ఉంది గనుక ఆ రాత్రి గడిచింది. చీకట్లో దాని మర తిప్పుతుంటే నా చేతులు వణకడం ఆవిడ చూసింది, ఏమీ అనలేదు.

తప్పు ఎక్కడంటే, నీళ్ళు పోసే బ్యాటరీలో సగం వరకే వాడుకోవాలి. అంతకుమించి పిండితే త్వరగా పాడవుతుంది. అంటే 900. ఇన్వర్టరు తినేది నూటికి పదిహేను పోతే చేతికొచ్చేది 765. రెండు గంటలకు సరిపోదు. పైగా ఆ 150 అనేది నెమ్మదిగా, ఇరవై గంటల్లో వాడితే వచ్చే లెక్క. వేగంగా లాగితే అదీ తగ్గుతుంది.

తర్వాత తలకిందులుగా లెక్క వేశాను. మా వీధిలో ఎక్కువసేపు పోయేది నాలుగు గంటలు. 390 ఇంటూ నాలుగు, 1560. ఇన్వర్టరు నష్టం కలిపితే సుమారు 1840. లిథియం బ్యాటరీలో ఎనభై పాళ్ళు వాడుకోవచ్చు గనుక 2300, అంటే రెండున్నర యూనిట్ల బ్యాటరీ. నీళ్ళ బ్యాటరీ అయితే దాదాపు 3700 కావాలి, 200 ఆంపియర్లవి రెండు. వంగి డిస్టిల్డ్ వాటర్ పోసే వయసు కాదు గనుక లిథియమే తీసుకున్నాను. ప్యానెళ్ళతో కలిసి పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరు కూడా మార్చాల్సి వచ్చింది, అది వేరే ఖర్చు.

దుకాణంవారు “మూడు కిలోవాట్లకు పది యూనిట్ల బ్యాటరీ ఉండాలి సార్” అన్నారు. ప్యానెళ్ళను బట్టి బ్యాటరీ కొనడం, వంటిల్లు ఎంత ఉందో చూసి బియ్యం కొనడం లాంటిది. గీజరు, ఏ.సి., బోరు మోటారు బ్యాటరీ లైనులో కలపనివ్వకండి. గీజరు ఒక్కటే 2000 వాట్లు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు కదా అంటారు. నిజమే. ఆ రోజుల కోసం బ్యాటరీ కొనాలంటే మన పెన్షన్లు చాలవు. యంత్రం మీద ఆధారపడిన మనిషి ఉన్న ఇంట్లో మాత్రం ఎంత బ్యాటరీ ఉన్నా నిండు సిలిండరు ఒకటి ఉండి తీరాలి.

కరెంటు బిల్లు, ఇంట్లో నడిచే వస్తువుల వాట్లు రాసి తెచ్చుకున్నవారు భోజన విరామంలో మెట్ల దగ్గరకు రండి, కలిసి లెక్క వేద్దాం. కళ్ళజోడు మరచిపోకండి, వాట్లు ఆ వస్తువుల వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉంటాయి.