కాలిపిక్క నొప్పి, చుట్ట, తోటకూర

పోలవరమనగానే నేడు అందరికిని గోదావరిమీది పెద్ద ప్రాజెక్టు జ్ఞప్తికి వచ్చును. నాకు మాత్రము మా మేనమామ ఆ ఊరి గట్టుమీద నడచుచు నడచుచు నిలిచిపోవుట జ్ఞప్తికి వచ్చును. ఆయన లంకలలో పొగాకు పండించిన రైతు. ప్రతి శివరాత్రికి పట్టిసీమ తీర్థమునకు రేవుదాక నడచియే పోవు అలవాటు ఆయనకు ఉండెడిది. ఒక యేడు నేనును వెంట బయలుదేరితిని. కొంతదూరము పోవుసరికి ఆయన ఆగి, నదివైపు తిరిగి, చుట్ట వెలిగించినారు. నీటి వైభవము చూచుచున్నారు గాబోలునని ఊరకుంటిని. నాలుగైదు నిమిషములకు మరల కదలినాము. మరల ఇంచుమించు అంతే దూరమున ఆగినారు. మరల చుట్ట.

“ఏం మామయ్యా, ఒంట్లో నలతగా ఉందా?” అంటిని.

“నలతేమీ లేదురా అబ్బాయీ. పిక్క పట్టేస్తోంది. కాసేపు నిలబడితే అదే వదిలేస్తుంది. వయసు మీదపడుతోంది కదా!”

నాడు నేను వైద్యవిద్య చదువుచున్నవాడను. ఐనను ఆ మాటను ఆయనతోపాటు నేనును నమ్మితిని. ఆ నమ్మకమునకు రెండేండ్ల తరువాత ఆయన కాలి బొటనవ్రేలు మూల్యమైనది. నేటి ప్రసంగమునకు కారణము అదియే.

నడచినప్పుడు పిక్క బిగిసి నొచ్చుట, నిలిచినచో కొలది నిమిషములలో తగ్గుట, మరల నడచినచో అంతే దూరమున మరల వచ్చుట: ఇది వయసు కాదు, వ్యాధి. దీనిని వైద్యులు క్లాడికేషన్ అందురు. లాటిను భాషలో కుంటుట అని దాని మూలార్థము. మొట్టమొదట దీనిని గుర్తించినది మనిషిలో గాక గుర్రములో. 1831లో ఫ్రాన్సు దేశమున బూలే అను పశువైద్యుడు పరుగెత్తిన కొంతసేపటికి కుంటు గుర్రమును గూర్చి వ్రాసెను. 1858లో షార్కో అను వైద్యుడు మానవులలోను అట్టి స్థితిని వర్ణించెను. జర్మనులు దీనికి దుకాణపు అద్దముల జబ్బని ముద్దుపేరు పెట్టిరి. నొప్పి వచ్చిన పెద్దమనిషి వీధిలో ఊరక నిలుచుటకు సిగ్గుపడి, అంగడి అద్దములలోని వస్తువులు చూచుచున్నట్లు నటించునట. మన గట్టుమీద అద్దాల అంగళ్లు లేవు. గోదావరి ఉన్నది, జేబులో చుట్ట ఉన్నది.

డెల్టావాసులకు ఈ వ్యాధిని వివరించుట మిక్కిలి సులభము. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి కాలువ మేట వేసినచో ఏమగునో మన రైతులకు తరతరములుగా తెలియును. ముందు ఎండునది శివారు పొలము. దేహమునకు కాలు శివారు పొలము. గుండెనుండి కాలికి పోవు ధమనుల లోపలి గోడలపై క్రొవ్వు, సున్నము పేరుకొని దారి సన్నగిల్లును. కూర్చున్నప్పుడు పిక్కకు కావలసిన రక్తము కొద్ది. ఆ కొద్ది ఎట్లో అందును. నడక మొదలిడగానే దమ్ముచేయు నాటి పొలమువలె పలురెట్లు కావలసి వచ్చును. అప్పుడు అందదు, కండ మొరపెట్టును. ఆ మొరయే నొప్పి. ఈ మేటకు ముఖ్యకారణములు పొగాకు, మధుమేహము, రక్తపుపోటు, అధికమైన కొలెస్టరాలు. కాలిలో మేట వేసినవాని గుండె ధమనులు, మెదడు ధమనులు శుభ్రముగా నుండునని తలపరాదు. ఇట్టివారికి గుండెపోటు, పక్షవాతము వచ్చు ప్రమాదము తక్కినవారికంటె చాల హెచ్చు.

మన జిల్లాలలో కాలిజబ్బనగానే బోదకాలు మనస్సున మెదలును. 1955లో ప్రారంభమైన జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమము ఇక్కడి ఇంటింటికి పరిచితమే. కాని రెండింటికి పోలిక లేదు. బోదకాలు వాచును; ఈ కాలు వాడును. పాదము చల్లబడును, చర్మము పలుచనై మెరయును, కాలిమీది వెండ్రుకలు రాలిపోవును, చిన్న గాయమైనను మానదు. దీనిని నిర్ధారించు పరీక్ష సూదిపోటు లేనిది. చేతివద్ద రక్తపుపోటు చూచినట్లే చీలమండవద్దను చూచి, చీలమండ అంకెను చేతి అంకెతో భాగింతురు. ఆరోగ్యవంతునిలో ఆ ఫలితము 1కి అటునిటుగా ఉండును, 0.90 గాని, అంతకు తక్కువగాని వచ్చినచో వ్యాధి ఉన్నట్లే.

ఇక, ప్రకటనలలో మీరు చూచుచున్న బీట్‌రూటు పొడుల సంగతి. అందులో సత్యము లేకపోలేదు. కావుననే దానిని వివరముగా చెప్పవలసియున్నది.

ధమని గోడలోని కండరమును సడలించి దారిని విశాలపరచు వాయువొకటి మన రక్తనాళములే తయారుచేయును. దాని పేరు నైట్రిక్ ఆక్సైడు. కాలువమీద తలుపులెత్తు లస్కరు వంటిది. దీనిని కనుగొన్నందులకు 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అను మువ్వురికి నోబెల్ బహుమానము లభించినది. మేట వేసిన ధమనిలో ఈ లస్కరు సరిగా పనిచేయడు. ఐతే ఇదే వాయువును దేహము మరొక మార్గమున కూడ సంపాదించును. ఆ మార్గము ఆకుకూరలనుండి ఆరంభమగును. బీట్‌రూటు, పాలకూర, తోటకూర, ముల్లంగి వంటివి నేలనుండి నైట్రేటు అను లవణమును పీల్చి దాచుకొనును. మనము తినిన నైట్రేటు రక్తములో కలియును; లాలాజల గ్రంథులు దానిని రక్తమునుండి తోడి నోటిలోనికి వదలును; నాలుక వెనుకభాగమున నివసించు సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చును; మ్రింగిన నైట్రైటు రక్తమునను, కండలయందును నైట్రిక్ ఆక్సైడుగా మారును. ప్రాణవాయువు కొరతపడిన చోటనే ఈ కడపటి మార్పు అధికముగా జరుగును. శివారు పొలమునకే నీరు విడుచు ఏర్పాటన్నమాట! నోరు శుభ్రమగునని ఘాటైన క్రిమినాశక ద్రవములతో పుక్కిలించువారిలో ఆ సూక్ష్మజీవులు చచ్చి, ఈ ఏర్పాటంతయు నోటిలోనే ఆగిపోవును.

2011లో అమెరికాలో ఈ వ్యాధిగల 8 మందికి అరలీటరు బీట్‌రూటు రసమిచ్చి నడిపించి చూచిరి. రసము త్రాగిననాడు నొప్పి మొదలగుటకు సుమారు అరనిమిషము ఆలస్యమైనది; మొత్తము నడక ఒక నిమిషమునకు కొంచెము మించి పెరిగినది. అరనిమిషమేనా అని నవ్వవద్దు. రేవుమెట్లు ఎక్కువానికి అరనిమిషము చాల పెద్దది. 2018లో ప్రకటింపబడిన మరొక పరీక్షలో 12 వారముల నడక శిక్షణతోపాటు రసము త్రాగినవారు, శిక్షణ మాత్రమే పొందినవారికంటె ఎక్కువ లాభపడిరి. కాని ఇవన్నియు కొద్దిమందితో జరిగిన పరీక్షలు. కొద్దిమందిని చూచి ఊరందరికి మందు వ్రాయరాదు. ఇందులకు మరొక నిదర్శనమున్నది. ఇదే వాయువునకు మూలపదార్థమైన ఆర్జినీన్ అను దానిని 133 మందికి 6 నెలలపాటు ఇచ్చి చూచిన పరీక్ష 2007లో వెలువడినది. అసలు మందు తినినవారికంటె ఉత్తి మందు తినినవారి నడకయే ఎక్కువ మెరుగుపడినది! శాస్త్రము కాగితముపై చెప్పిన దానికి కాలు ఎల్లప్పుడును కట్టుబడదు.

మా మామయ్య సంగతియే ఇక్కడ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది. పొగలోని సయనైడును దేహము థయోసయనేటు అను పదార్థముగా మార్చుకొనును. లాలాజల గ్రంథిలోనికి నైట్రేటు పోవు ద్వారమును ఈ థయోసయనేటు ఆక్రమించును. 2016లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో బీట్‌రూటు రసము పొగత్రాగనివారి రక్తపుపోటును తగ్గించినది. పొగత్రాగువారి విషయమున తగ్గింపలేకపోయినది. వారి లాలాజలములో నైట్రేటు తక్కువగా కనబడినది. కావున ఒకచేత రసపు గ్లాసును, ఒకచేత చుట్టను పట్టుకొని కూర్చున్నవాడు కాలువ తలుపు తానే మూసి నీరు రాలేదని కేకలు వేయుచున్నాడు.

పొగాకును నిందించుట మనప్రాంతమున సులభమైన పని కాదు. లంకపొగాకు కీర్తి మనది. గోపాలపురము, కొయ్యలగూడెము, జంగారెడ్డిగూడెము మెరకలలో వర్జీనియా పొగాకుతోనే ఎందరి ఇండ్లు నిలిచినవి. 1947లో పొగాకు పరిశోధనకై కేంద్రసంస్థ వెలసినది రాజమహేంద్రవరముననే. మామయ్య ఇంట రెండు పెండ్లిండ్లు ఆ ఆకు అమ్మిన సొమ్ముతోనే జరిగినవి. పండించుట వేరు, పీల్చుట వేరు అని మాత్రము చెప్పగలను. కాలిధమనులకు పొగాకును మించిన శత్రువు లేదు. వయసు మళ్లినవారే గాక, 40 యేండ్లు నిండని యువకులును బీడీ, చుట్టల వలన ధమనులు మూసికొనిపోయి వ్రేళ్లు పోగొట్టుకొనుచున్నారు. 1908లో బర్గర్ అను వైద్యుడు వివరించిన ఈ రెండవ జబ్బునకు పొగాకు మానుటయే ప్రధానచికిత్స. “రోజుకు రెండే కదా” అను మాట అక్కడ చెల్లదు.

గృహిణులు ఇక ఏమి వండవలెనని అడుగుదురు. ఆ పరీక్షలు జరిగినవి బీట్‌రూటు రసముతో. కాని నైట్రేటు విషయమున మన పెరటి తోటకూర దానికి చెల్లెలే. పాలకూర, ముల్లంగి కూడ ఆ వరుసలోనివే. బంగాళాదుంప, టమాటాలలో అది స్వల్పము. ఒక్క సూక్ష్మము గుర్తుంచుకొనవలెను: నైట్రేటు నీటిలో కరగును. కూరను ఉడికించి నీరు వార్చి పారబోసినచో సారము తూములోనికి పోయినట్లే. పప్పులో వేసినను, పులుసు పెట్టినను, ఆ నీరు గిన్నెలోనే ఉండును. వండిన ఆకుకూరను మరునాటిదాక బయట ఉంచి తినుట మంచిదికాదు. ఆరునెలలు నిండని పసిబిడ్డలకు ఈ రసములు పట్టరాదు. నైట్రైటు హెచ్చినచో వారి రక్తము ప్రాణవాయువును మోయలేక ఒడలు నీలివన్నెకు తిరుగును. ఎరువులు ఊరిన బావినీటి విషయమునను ఇదే భయము. త్రాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేటు ఉండరాదని మనదేశపు ప్రమాణము.

పొడులు, సాంద్రరసములు కొనువారికి ఒక లెక్క. ప్రపంచ ఆరోగ్యసంస్థ నిపుణులు దినమునకు దేహపు బరువులో కిలోకు 3.7 మిల్లీగ్రాముల నైట్రేటును మేరగా పెట్టిరి. 60 కిలోల మనిషికి అది 222 మిల్లీగ్రాములు. 2011 నాటి పరీక్షలో ఇచ్చినది సుమారు 560. వైద్యుని కనుసన్నలలో కొలది దినములు త్రాగుట వేరు, ప్రకటన చూచి నెలల తరబడి త్రాగుట వేరు. రక్తపుపోటు మాత్రలు వాడువారికి పోటు మరీ పడిపోవచ్చును. మూత్రపిండముల వ్యాధిగలవారికి ఇందలి పొటాసియము, రాళ్లు ఏర్పడు స్వభావముగలవారికి ఆక్సలేటు ప్రమాదకరము. రసములోని చక్కెరను మధుమేహులు మరువరాదు. రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్ వాడువారు వైద్యునికి చెప్పకయే ఆకుకూరలను ఒక్కసారిగా పెంచరాదు, మానరాదు. బీట్‌రూటు తినిన మరునాడు మూత్రము ఎఱ్ఱబడినచో మాత్రము బెదరనక్కరలేదు. అది దుంప రంగు.

వీటన్నిటికంటె బలమైన సాక్ష్యముగల చికిత్స నడకయే. నొప్పిపుట్టించు నడకయే నొప్పికి మందగుట వింతగా తోచును. వారమునకు మూడునాళ్లకు తగ్గకుండ, పిక్క గట్టిగా నొచ్చువరకు నడచి, ఆగి, తగ్గిన పిదప మరల నడచుచు, మొత్తము అరగంట మొదలుకొని ముప్పావుగంట వరకు సాగింపవలెను. నొప్పి రాకుండ మెల్లమెల్లగా నడచుట అంతగా ఉపకరింపదని 2021లో ప్రకటింపబడిన పరీక్ష తేల్చినది. అయితే గుండె, కాలు పరీక్ష చేయించుకొనిన తరువాతనే ఇది ఆరంభింపవలెను. కొలెస్టరాలు తగ్గించు మాత్ర, రక్తము గడ్డకట్టనీయని మాత్ర వైద్యుడు వ్రాసినచో మానరాదు. అవసరమైనచో మేట తీయుటకు, ప్రక్కనుండి పిల్లకాలువ త్రవ్వినట్లు కొత్తనాళము వేయుటకు శస్త్రచికిత్సలున్నవి.

కూర్చున్నను, పడుకొన్నను పాదము నొచ్చుచు, రాత్రివేళ కాలు మంచము క్రిందికి వ్రేలాడవేసిన గాని నిద్రపట్టనిచో, వ్రేలు నల్లబడినచో, పుండు రెండువారములకు మానకున్నచో, ఆకుకూరలు, నడక చర్చింప సమయము కాదు. నాటికి నాడే ఆసుపత్రికి పోవలెను. కాలు హఠాత్తుగా చల్లబడి, తెల్లబడి, మొద్దుబారినచో గంటలే గడువు. మధుమేహులకు నొప్పియే తెలియకపోవచ్చును. వారు ప్రతిరాత్రి అరికాళ్లు చూచుకొనవలెను, చూడలేనివారికి ఇంటివారు చూడవలెను. మా మామయ్య ఆ మూడు మాసములు కాలు వ్రేలాడవేసికొనియే పడుకొనినారని అత్తయ్య మాకు చెప్పినది వ్రేలు తీసివేసిన తరువాత.

ఆసుపత్రినుండి వచ్చినపిమ్మట ఆయన చుట్ట మానినారు. మూడుసార్లు మరల మొదలిడి, నాలుగవసారి మానినారు. పెరటిలో తోటకూర మడి అత్తయ్యది. నడకను ఆయన గట్టుమీది కరెంటు స్తంభములతో లెక్కపెట్టెడివారు. మొదటివారము ఆరవ స్తంభమువద్ద పిక్క పట్టినది. నాలుగవ నెలకు పదునాలుగవ స్తంభమువద్ద పట్టినది. అక్కడ ఆగి నదివైపు తిరిగెడివారు, చేతులు వెనుకకు కట్టుకొని. రేవు అక్కడికి ఇంకను కొంతదూరముననే ఉన్నది.