క్రిమి కానరాని కడుపులో క్యాన్సరు

కడుపులో మంట, ఉబ్బరము మిక్కిలి సామాన్యమైన బాధలు. సిద్దిపేట పట్టణమున గాని, చుట్టుపట్ల పల్లెలలో గాని, వీనికన్నిటికి 'గ్యాసు' అని ఒకే పేరు పెట్టి, మందుల దుకాణమున ఒక బిళ్ళ కొని మ్రింగుట మనకు అలవాటైనది. పెక్కుమందికి అంతటితో బాధ తీరును. కొలదిమందికి మాత్రము ఆ బాధ వెనుక జీర్ణాశయ క్యాన్సరు పొంచియుండును. పరీక్ష చేయించుకొని, 'క్రిమి లేదు' అను చీటీ చేతికి రాగానే గండము గడచినదని తలచువారు కలరు. ఆ తలంపు ఎంతవరకు తగునో నేడు విచారింతము.

ఆ సూక్ష్మక్రిమి పేరు హెలికోబాక్టర్ పైలోరీ. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున రాబిన్ వారెన్, బారీ మార్షల్ అను వైద్యులు 1982లో దీనిని పెంచి చూపిరి. కడుపులోని ఆమ్లమున ఏ క్రిమియు నిలువజాలదని అంతవరకు వైద్యలోకము నమ్మియుండెను. 1984లో మార్షల్ ఆ క్రిములను తానే త్రాగి, జీర్ణాశయమున వాపు తెచ్చుకొని, తన వాదమునకు తానే సాక్షి యయ్యెను. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ ఈ క్రిమిని క్యాన్సరు కారకములలో చేర్చెను. 2005లో ఆ వైద్యులిరువురకు నోబెల్ బహుమానము లభించెను. జీర్ణాశయపు పైకొనను మినహాయించి, తక్కిన భాగమున పుట్టు క్యాన్సర్లలో పదింట తొమ్మిదింటికి ఈ క్రిమియే మూలమని నేటి అంచనా.

మరి మిగిలినవాని మాట యేమి? పరీక్షలో క్రిమి కానరాకుండుటకు మూడు కారణములు ఉండవచ్చును.

మొదటిది, క్రిమి ఉండియు పరీక్షకు చిక్కకపోవుట. ఆమ్లమును తగ్గించు బిళ్ళలు వాడుచుండగా క్రిమి అణగియుండును. కావున ఈ పరీక్షలలో పెక్కింటికి రెండు వారములు ముందుగా ఆ బిళ్ళలను, నాలుగు వారములు ముందుగా యాంటీబయాటిక్ మందులను ఆపవలసియుండును. ఆపుట వైద్యుని అనుమతితోనే జరుగవలెను.

రెండవది, క్రిమి పూర్వముండి తొలగిపోవుట. అది ఏండ్ల తరబడి కడుపు లోపొరను క్షీణింపజేయును. తుదకు ఆ పాడుబడిన పొరలో తానును నిలువలేక పోవును. దొంగ పోయినను కన్నము మిగిలినట్లు, క్రిమి పోయినను ముప్పు మిగులును.

మూడవది, క్రిమి ఎన్నడును లేకుండుట. ఇట్టివారిలో పుట్టు క్యాన్సర్లు కొలదియే కాని, లేకపోలేదు. కొందరిలో శరీరమును రక్షింపవలసిన బలమే పొరబడి, ఆమ్లమును పుట్టించు కణములను నాశము చేయును. అపుడు ఆహారములోని బి12 విటమిను ఒంటబట్టక రక్తము క్షీణించును. కాలుసేతులకు తిమ్మిరి పట్టును. ఇట్టి కడుపును వైద్యులు కనిపెట్టి చూచుచుండవలెను. మరికొన్నింట ఎప్‌స్టైన్-బార్ అను వైరసు కానవచ్చుచున్నది. 2014లో ప్రకటింపబడిన అమెరికా పరిశోధనలో, పరీక్షించిన జీర్ణాశయ క్యాన్సర్లలో నూటికి 9 ఈ తరగతికి చెందినవని తేలినది. ఆ వైరసు కలవారిలో క్రిమియు కూడ ఉండవచ్చును.

వంశముననుసరించి వచ్చునదియు ఒకటి కలదు. న్యూజిలాండు దేశమున ఒక మావోరీ వంశములో పడుచువారు సైతము ఈ వ్యాధితో మరణించుచుండగా, శాస్త్రజ్ఞులు ఆ వంశమువారితో కలసి పనిచేసి, కారణమైన జన్యులోపమును 1998లో కనుగొనిరి. కణములను ఒకదానితో నొకటి అతికియుంచు పదార్థము ఆ లోపము వలన కొరవడును. కనుక తల్లికో, తోబుట్టువునకో, మేనమామకో ఈ వ్యాధి వచ్చియున్నచో ఆ సంగతి వైద్యునకు తప్పక చెప్పవలెను.

ఇక పొగ. మన జిల్లాలో, ముఖ్యముగా దుబ్బాక ప్రాంతమున, బీడీలు చుట్టుట ఎన్నియో ఇండ్లకు జీవనాధారము. ఆ కష్టజీవులను నిందించుట మా ఉద్దేశము కాదు. కాని బీడీ త్రాగువారికి జీర్ణాశయ క్యాన్సరు ముప్పు హెచ్చని రుజువైనది. క్రిమి ఉన్నను లేకున్నను పొగ మానుట మేలు. అన్నములో తొక్కు మానుమని మేము చెప్పము. ఉప్పు మాత్రము మితముగా ఉండవలెను.

కావున చీటీని కాదు, లక్షణములను చూడుడు. నడివయస్సు దాటినపిమ్మట క్రొత్తగా అజీర్ణము కలిగినను, నాలుగు ముద్దలకే కడుపు నిండినను, మ్రింగుట కష్టమైనను, అకారణముగా బరువు తగ్గినను, వాంతులు మానకున్నను, మలము తారువలె నల్లనైనను, రక్తము తగ్గినను జాగు చేయరాదు. ఎండోస్కోపీ అను పరీక్షలో సన్నని గొట్టమును నోటి ద్వారా లోనికి దింపి, కడుపు గోడను కంటితో చూచి, అనుమానమున్నచోట చిన్న ముక్కలు తీసి పరీక్షింతురు. అది కొలది నిమిషముల పని. తొలిదశలో పట్టుబడిన క్యాన్సరు కుదురుటకు మంచి అవకాశము కలదు. ముదిరినదానిని కుదుర్చుట దుర్లభము.

సిద్దిపేటలో 2018లో ప్రభుత్వ వైద్య కళాశాల నెలకొన్నది. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు సంస్థ కలదు. అర్హులైనవారికి ఆరోగ్యశ్రీ పథకము క్రింద చికిత్స లభించును. క్రిమి లేదన్న మాట శుభవార్తయే. అయినను బాధ మానకున్నచో, ఆ చీటీని పెట్టెలో దాచక, దానితోనే మరల వైద్యుని కడకు వెళ్ళుడు.